వరహాలు మూరెడు

సందులో నీళ్ళు ఎలా ఆపాలో వరహాలుకి ఎవరూ చెప్పక్కర్లేదు. విశాఖ చేపలరేవులో కట్టేసి ఉన్న బోట్లలో సగం అతని చేతి కిందే తయారయ్యాయి. మిగతా సగం కారినప్పుడు అతని దగ్గరికే వచ్చాయి. దూదిని తాడులా పేని, చెక్కకీ చెక్కకీ మధ్య పెట్టి, మొన లేని వెడల్పాటి ఉలితో దిగ్గొట్టి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పూశాడంటే ఆ బోటు ఏడాది పొడుగునా సముద్రం మీద తిరిగినా లోపల అరచెయ్యి తడవదు. ఈ మాట రేవు పక్క జాలరుల పేటలో అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువసార్లు వరహాలే అనేవాడు.

అందుకే సంఘం గోడౌను కారిందని తెలిసినప్పుడు అతనికి బాధకంటే హుషారే ఎక్కువొచ్చింది.

ఆ గోడౌను సంగతి చెప్పాలి. రెండువేల ఒకటిలో మత్స్యకార సంఘం వాళ్ళు రేవు పక్కనే కట్టించుకున్న పొడుగాటి భవనం అది. ఎండాకాలంలో ఆడవాళ్ళు ఎండబెట్టిన చేపంతా వానల్లో అమ్ముకునేదాకా దాచుకోవడానికి కట్టారు. అంతకుముందు తాటాకు పాకల్లో దాచేవారు, ప్రతి ఏడూ సగం చేప చెమ్మకి పురుగు పట్టిపోయేది. భవనం మరీ పొడుగు కాబట్టి రెండు ముక్కలుగా కట్టి మధ్యలో బొటనవేలంత సందు వదిలారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ జాయింటు అంటారని ప్లానులో రాసుంది. ఎందుకు వదిలారో మాత్రం ఎవరూ చెప్పలేదు. కట్టిన కాంట్రాక్టరు ఆ సందులో ఇంత థర్మాకోలు కుక్కి, పైన సిమెంటు పూసి, బిల్లు తీసుకుని చక్కా పోయాడు. తొలి వానకే సిమెంటు చిట్లింది. సందు పొడుగునా ధారలు కట్టి, కిందున్న గంపలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ వాసన మల్కాపురం దాకా కొట్టిందని చెప్పుకున్నారు, అది కాస్త ఎక్కువే అనుకోండి.

వరహాలు భార్య గంగాలమ్మ ఎండుచేపల ఆడవాళ్ళకి పెద్ద. సంఘం ప్రెసిడెంటు ఎల్లాజీ ఆవిడకి స్వయానా తమ్ముడు. తమ్ముడని చూడకుండా అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది.

"మేడ కట్టినావు సరే, గంపకో గొడుగు కూడా కొనియ్యరా తమ్మీ! ఇనుకో. వొచ్చే వానలకి ఒక్క సుక్క పడిందా, నా సేప మళ్ళీ పాకలోకే పోతాది. నా సేప ఎక్కడుంటే పేట సేపంతా అక్కడే ఉంతాది. అప్పుడు నీ మేడలో నువ్వొక్కడివే పడుకుందువు గాని."

ఆవిడ అన్నదంటే చేస్తుంది. అది తెలిసి ఎల్లాజీ ముఖం పాలిపోయింది. అప్పుడే వరహాలు కండువా దులుపుకుని ముందుకొచ్చాడు.

"సందే కదేటి బావా. బోటుకి ఇలాటి సందులు బోలెడుంతాయి. నాకొదిలీ."

వానలు వెనకబట్టి, చలిగాలి మొదలయ్యాక వరహాలు పని పట్టాడు. చూడ్డానికి పేట పేటంతా శ్లాబెక్కింది. దూదితాడు ఒక వరస, దాని మీద ఇంకో వరస, ఇంకా దాని మీద ఇంకోటి. సుత్తి దెబ్బ పడితే కింద గోడౌనులో నిలబడ్డవాళ్ళ గుండెల్లో మోగింది. చివర్న గుగ్గిలం పూసి, శ్లాబుతో సమానంగా నున్నగా గీకేశాడు. నీళ్ళు పోసి చూస్తే ఒక్క చుక్క దిగలేదు. ఎల్లాజీ అందరికీ టీలు ఇప్పించాడు. ఆ టీ గురించీ, ఆ పని గురించీ వరహాలు ఎండలు ముదిరేదాకా చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఎండలు ముదిరాయి. వేట నిషేధం వచ్చి బోట్లన్నీ రేవులో నిలబడిపోయాయి. మగాళ్ళంతా ఇళ్ళ దగ్గర వలలు బాగు చేసుకుంటుంటే ఒక రోజు పొద్దున్నే స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. పోయినేడు గోడౌను కారినప్పుడు సంఘం వాళ్ళు ద్వారకా నగర్‌లో ఒక ఇంజినీర్ల ఆఫీసుకి మొరపెట్టుకున్నారు. ఆ మొర ఇప్పటికి వాళ్ళ చెవినపడింది. అమ్మాయి పేరు అనూరాధ. తండ్రిది గోదావరి జిల్లా, స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్ల ఇక్కడే పుట్టి పెరిగినా మాటలో ఆ జిల్లా 'అండి' మాత్రం పోలేదు. తన చేతి మీదుగా మొదలుపెట్టి పూర్తిచెయ్యమని ఆఫీసువాళ్ళు అప్పజెప్పిన మొదటి పని ఇదే. అందుకని మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

వెనకాలే శ్లాబెక్కిన వరహాలూ ఎల్లాజీ ఆ సందు మీదికి వంగి చూశారు. నున్నగా గీకిన దూదీ గుగ్గిలం అంతా పైకి లేచి, నల్లటి గట్టులా నిలబడి ఉంది. పిట్టగోడ దగ్గర సిమెంటు పెచ్చు ఊడి పడింది.

"ఇది ఎవరు చేశారండీ?" అంది అనూరాధ.

"నానే," అన్నాడు వరహాలు, మెప్పు అందుకోవడానికి సర్దుకుని నిలబడి.

"పని చాలా శుభ్రంగా ఉందండి బాబాయ్ గారూ. అంతా తవ్వి తీసెయ్యాలి."

వరహాలుకి ఒళ్ళు మండిపోయింది. "ఏటమ్మా, ఏటి తవ్వేది? నీ వొయిసెంత, నా ఉలి వొయిసెంత? సముద్రాన్నే ఆపినోణ్ణి, వానని ఆపలేనా?"

అనూరాధ కోప్పడలేదు. గొంతుక్కూర్చుని ఆ నల్లటి గట్టుని వేలితో తట్టింది. "మీరు చేసిన రోజున ఇది ఇలా పైకి లేదు గదండీ?"

"నేదు. సమానంగా గీకినాను."

"మరి ఎవరు పైకి లాగారండి?"

"ఎండకి గుగ్గిలం కరిగుంతాది."

"కరిగితే కిందకి జారాలండి. పైకెందుకొస్తది?"

వరహాలు వంగి ఆ గట్టుని గోరుతో గీకి చూశాడు. పక్కనే ఉన్న ఎల్లాజీ ఇదేదో బాగుందనుకుని పిట్టగోడ మీద చతికిలబడ్డాడు.

"శ్లాబు పెరిగిందండీ," అంది అనూరాధ. "ఎండకి ఇటు ముక్క అటు, అటు ముక్క ఇటు పెరిగాయి. మధ్యలో ఉన్నదాన్ని పిండేశాయి. చలికాలంలో రెండూ కుంచించుకుంటాయి, సందు వెడల్పవుద్ది. మీరు గట్టిగా కుక్కారు గనక పెరగడానికి చోటు లేక గోడ పెచ్చు కూడా లేచింది."

"పెరగడానికి శ్లాబేటి, సొరపాదా?"

"నేను చెప్తే నమ్మకండి. మీ ఉలే చెప్తుంది," అంది ఆ అమ్మాయి.

పందెం అలా పడింది. వరహాలు ఆ రోజంతా సణుక్కుంటూ, తన పని తనే తవ్వి తీశాడు. మర్నాడు తెల్లారుతూనే, శ్లాబు ఇంకా చల్లగా ఉండగా, అనూరాధ చూస్తుండగానే తన వెడల్పాటి ఉలిని సందులోకి దించాడు. సుత్తితో కొట్టలేదు. సరిగ్గా ఇమిడేట్టు, రెండు వేళ్ళతో తీసి మళ్ళీ పెట్టగలిగేట్టు పెట్టాడు. "ఇదుగో, సూసుకో," అని దిగిపోయి చద్దన్నం తిన్నాడు.

మిట్టమధ్యాహ్నం ముగ్గురూ మళ్ళీ శ్లాబెక్కారు. కింద కాళ్ళు కాలిపోతుంటే వరహాలు గంతులేసుకుంటూ వెళ్ళి, నవ్వుతూ రెండు వేళ్ళతో ఉలి పట్టుకుని లాగాడు. రాలేదు. గుప్పిటితో పట్టుకుని లాగాడు. రాలేదు. కండువా చుట్టి, కాళ్ళు రెండూ అటూ ఇటూ తన్నిపెట్టి లాగాడు. ఉలి కదలనైనా కదల్లేదు.

"బావా, రా! ఓపట్టు పట్టు!"

ఎల్లాజీ కూడా పట్టాడు. బోట్లని ఇసకలోకి లాగే చేతులవి. ఇద్దరూ 'ఓలేసా' అని ఒక్క ఊపులో లాగితే కండువా చిరిగి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఉలి మాత్రం ఉన్నచోటే ఉంది. కాలే శ్లాబు మీద పడ్డ వీపు పట్టుకుని ఎల్లాజీ మొత్తుకుంటుంటే వరహాలు లేవనైనా లేవలేదు. పడ్డచోటు నుంచే ఆ ఉలి వంక నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"పట్టుకున్నాది," అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా, "బావా, పట్టుకున్నాది రా! మేడ నా ఉలిని పట్టుకున్నాది!"

అనూరాధ చప్పట్లు కొట్టింది. తను ఇంజినీరునన్న సంగతి ఆ నిమిషానికి ఆ పిల్లకే గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే ఉలి రెండు వేళ్ళకి ఊడి వచ్చేసింది. మళ్ళీ పెట్టాడు, మధ్యాహ్నానికి మళ్ళీ బిగుసుకుంది. వరహాలుకి ఇంక తిండి మీద ధ్యాస లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి శ్లాబెక్కి ఉలిని పలకరించి రావడమే పని. ఇన్నేళ్ళూ తనకి తెలిసింది చెక్క సంగతి. నీళ్ళు తాగితే చెక్క ఉబ్బుతుంది, దూదీ ఉబ్బుతుంది, ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. ఎంత గట్టిగా కుక్కితే అంత మంచిది. ఈ రాయికి నీళ్ళతో లెక్కే లేదు, దీని లెక్కంతా ఎండతో. గట్టిగా కుక్కితే అదే పగ తీర్చుకుంటుంది. అలా అర్థమయ్యేసరికి అతనికి కొత్త సముద్రం కనిపించినంత సంబరమైంది.

సంబరమైతే ఊరుకునే మనిషి కాడు గదా. కనబడ్డవాళ్ళకల్లా చెప్పాడు. రేవులో చెప్పాడు, టీ బడ్డీలో చెప్పాడు, కుళాయి దగ్గర చెప్పాడు. "మన మేడ కదులుతన్నాదర్రా! పగలు పెరుగుతాది, రేత్రి తగ్గుతాది!" సాయంత్రానికల్లా ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని గోడౌనులోంచి బయటికి రావడం మొదలెట్టారు.

"కదిలే మేడలో సేప ఎట్టుకోమంతావేటి?" అంది గంగాలమ్మ నడుం మీద చెయ్యేసి. "నువ్వే అంతన్నావు కదా, అటూ ఇటూ పోతన్నాదని! మీద పడితేనో?"

"అది కాదే. అలగ కదల్డం మంచిదే..."

"మంచిదేటి? గోడ కదల్డం ఎవుడైనా మంచిదంతాడా?"

వరహాలు తల గోక్కున్నాడు. అనూరాధ చెప్పిచూసింది, ఎల్లాజీ బతిమాలాడు. చివరికి గంగాలమ్మ ఒక్క మాట మీద దిగొచ్చింది. "ఈ ఇంజినీరమ్మ పని పూర్తి సెయ్యనీ. నీళ్ళు పోసి సూడనీ. అప్పుడు నా గంపలు మట్టుకు ఎడతాను. మిగిలినోళ్ళు తొలివాన సూసి ఎట్టుకుంతారు. ఒక్క సుక్క పడిందా, నాది మొదలు, అందరివీ పాకల్లోకే."

"నీ గంపలకి నాను పూచీ," అన్నాడు వరహాలు గుండె మీద చెయ్యేసుకుని.

పని మొదలైంది. అనూరాధకి ఇంత ఉత్సాహమున్న కూలి ఎక్కడా దొరకడు. సందుకి అటూ ఇటూ చిన్న గట్లు కట్టారు, శ్లాబు మీది నీళ్ళు సందు దగ్గరికే రాకుండా. లోపలి అంచులు బ్రష్షుతో తోమి, దుమ్ము ఊది, ఆరబెట్టారు. అడుగున మెత్తటి ఫోము తాడు పెట్టమంది. వరహాలు అలవాటుగా ఉలితో కొట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"కొట్టకండి బాబాయ్ గారూ. ఇది నీళ్ళాపడానికి కాదు. పైన పోసే సీలెంటు, అదే రబ్బరులా సాగే ముద్ద, అడుగుకి అంటుకోకుండా ఉండడానికి."

"అంటుకుంటే మంచిదే గదమ్మా?"

ఆ పిల్ల జడ చివర రబ్బరు బ్యాండు తీసి రెండు వేళ్ళతో సాగదీసింది. సాగింది. తర్వాత దాన్ని నేల మీద పెట్టి, మధ్యలో ఎల్లాజీని బొటనవేలితో అదిమిపట్టమని, రెండు చివరలూ లాగింది. వేలికి అటూ ఇటూ కొంచెం సాగి పుటుక్కున తెగింది. "రెండు పక్కలకే అంటాలండి. మధ్యలో దాన్ని ఎవరూ పట్టుకోకూడదు. అప్పుడే మేడతోపాటు సాగుద్ది, మేడతోపాటు తగ్గుద్ది."

వరహాలు తెగిన రబ్బరు బ్యాండుని జేబులో వేసుకున్నాడు, ఇంటికెళ్ళి గంగాలమ్మకి చూపించడానికి.

నల్లటి సీలెంటు రెండు డబ్బాల్లోది కలిపి, పొద్దున చల్లబాటులో, సందు మరీ తెరుచుకోకుండా మరీ మూసుకోకుండా ఉన్న వేళల్లో పోసుకుంటూ వచ్చారు. సముద్రం వైపు పిట్టగోడ మొదట్లోకి వచ్చేసరికి డబ్బా అయిపోయింది. ఇంకా మూరెడు మిగిలింది.

"పర్లేదండి, రేపు పొద్దున్నే ఇంకో డబ్బా తెస్తాను. ఆ మూరెడూ అలాగే వదిలెయ్యండి. గోనె కప్పండి, చాలు," అని చెప్పి అనూరాధ స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం యారాడ కొండ మీద మబ్బు పట్టింది. వరహాలు గోనె కప్పడానికే శ్లాబెక్కాడు. నిజానికి అంతే అనుకుని ఎక్కాడు. కానీ ఆ మూరెడు సందు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. జీవితంలో ఒక్క సందుని కూడా అలా వదిలి ఇంటికెళ్ళినవాడు కాడు. మబ్బు చూశాడు, సందు చూశాడు. వాన పడితే, అన్నాడు తనలో. ఆ మాట వట్టి సాకు అని అతనికే తెలుసు. ఇంత పొడుగు పనిలో తన చేతిది అంటూ ఏమీ లేదన్న బాధ కొన్నాళ్ళుగా లోపల నలుగుతూనే ఉంది. తవ్వి తీసినదంతా తనది, పోసినదంతా ఆ పిల్లది. ఒక్క మూరెడు తనదుంటే ఏం పోయింది?

దూది తెచ్చాడు. తాడు పేనాడు. కుక్కాడు. మెత్తగా కుక్కుదామనే అనుకున్నాడు గానీ సుత్తి చేతికొచ్చాక ఆ చెయ్యి మెత్తదనం ఎరగదు. చివర్న డబ్బా అడుగున అంటుకున్న సీలెంటు గీకి, పైన పూసి, మిగతాదానితో కలిపేశాడు. చూస్తే తేడా తెలియలేదు. మబ్బు వాన లేకుండానే సముద్రం మీదికి పోయింది.

మర్నాడు డబ్బా పట్టుకుని వచ్చిన అనూరాధ ఆశ్చర్యపోయింది. "అరె, ఇదెలా అయిందండీ?"

"డబ్బా గీకితే సరిపోనాదమ్మా," అన్నాడు వరహాలు.

ఆ పిల్ల సందు చూడలేదు. అతని ముఖం చూసి నమ్మింది. ఆ నమ్మడమే అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

పైన, మధ్యలో ఒంపు పెట్టిన అల్యూమినియం రేకు రెండు గట్లకీ బిగించారు. ఎండ తగలకుండా, కాళ్ళు తగలకుండా ఉండడానికే రేకు, నీళ్ళనాపేది లోపలిదే అని అనూరాధ చెప్పింది. బిగించేముందే పైపుతో నీళ్ళు కొట్టి చూశారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చుక్క దిగలేదు. వరహాలు మూరెడు కూడా దిగలేదు. అతను పైకి అందరితో కేక వేసి, లోపల ఇంకో కేక వేసుకున్నాడు. మాట ప్రకారం గంగాలమ్మ తన గంపలు తెచ్చి లోపల సర్దింది.

ఆ తర్వాత రోహిణి ఎండలు కాశాయి. ఒక మధ్యాహ్నం వరహాలు మనసు ఆగక శ్లాబెక్కి, పిట్టగోడ దగ్గర రేకు అంచు ఎత్తి చూశాడు. అనూరాధ పోసినంత మేరా సీలెంటు మెత్తగా, లోపలికి కొంచెం ఒంగి, హాయిగా పడుకుని ఉంది. అతని మూరెడు మాత్రం పైకి లేచి నిలబడింది, పోయినసారిలాగే. ఒక అంచున పగులు కూడా పట్టింది.

అనూరాధకి చెప్పాలి. చెప్పడానికి ఎంత సేపు? కానీ ఆ పిల్ల ఇంకో పని మీద పద్మనాభం ఊరి వైపు తిరుగుతోంది. వచ్చినప్పుడు చెప్తాననుకున్నాడు. ఒకసారి వచ్చింది కూడా. నవ్వుతూ, "బాబాయ్ గారూ, మా ఆఫీసులో మీ ఉలి కథ అందరికీ చెప్పానండి," అంది. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు. రేపు చెప్తాననుకున్నాడు. చెప్పలేదు గానీ ఇంకో పని చేశాడు. గోడౌనులోకి వెళ్ళి, ఆ మూల ఉన్న గంపలు తనే పక్కకి జరిపాడు.

"అక్కడెందుకు ఖాళీ?" అంది గంగాలమ్మ.

"గాలాడాలే. మూల గదా," అన్నాడు.

వాన జూన్‌లో, అందరూ ఎదురుచూస్తున్నప్పుడు కాకుండా, ఒక మధ్యాహ్నం అన్నాలవేళ వచ్చింది. ముందు సముద్రం మీద నల్లటి తెర లేచింది. తర్వాత గాలి, ఆ వెంటనే వాన. చేతిలో ముద్ద వదిలేసి పేటంతా గోడౌనుకి పరిగెత్తింది. తలుపు దగ్గర తోసుకుంటూ, ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తూ అందరి కళ్ళూ పైకప్పు మీదే. కాసేపటికి అనూరాధ వచ్చింది. మబ్బు చూసి ఆఫీసులోంచి అలాగే స్కూటీ ఎక్కేసినట్టుంది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళజోడు తుడుచుకోవడానికి పొడి గుడ్డైనా లేదు.

శ్లాబు మీద వాన దడదడమంటోంది. సందు ఈ కొస నుంచి చూస్తే పొడిగా ఉంది. మధ్యలో పొడిగా ఉంది. ఎవరో "కారలేదర్రా!" అన్నారు. పిల్లలు ఈలలు వేశారు. ఎల్లాజీ అక్క ముఖం చూశాడు. గంగాలమ్మ పెదవి విప్పడానికి సిద్ధంగా ఉంది. అనూరాధ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కాళ్ళు నేల మీద ఆనడం లేదన్నట్టు నిలబడింది.

టప్.

సముద్రం వైపు మూలలో, ఖాళీ నేల మీద పడింది. అందరూ తిరిగారు. టప్, టప్. తర్వాత సన్నటి ధార.

గోడౌనులో ఒక్కసారిగా గోల లేచింది. "సెప్పలేదా?" అందొకామె. "ఎవలు సేసినా ఇంతే," అందింకొకామె. ఎల్లాజీ గోడకి చేరగిలబడి, "ఇంజినీరమ్మ పని కూడా ఇంతేనేటి," అని గొణిగాడు. అనూరాధ ఆ ధార వంకే చూస్తోంది. ఎక్కడ తప్పు చేశానా అని ఒక్కో మెట్టూ వెనక్కి వెతుక్కుంటున్నట్టు ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి.

గంగాలమ్మ ధార వంక చూడలేదు. ధార కింద ఖాళీగా ఉన్న నేల చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. వరహాలుకి ఆ చూపు చాలు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. గంగాలమ్మ నలుగురిలో మొగుణ్ణి బయటపెట్టదు. ఆడవాళ్ళు ఉన్న ఈ గంపలు కూడా ఎత్తుకుని పాకల్లోకి పోతారు, మేడ పాడుబడుతుంది, ఈ పిల్ల తన మొదటి పని కారిందని తలొంచుకుని స్కూటీ ఎక్కుతుంది. జన్మలో తెలుసుకోదు, తన పని కారలేదని.

"ఆగండి!" వరహాలు కేక వానని మించి వినపడింది. "గంపలు ముట్టకండి! అది ఆయమ్మ పని కాదు. అది నాది! ఆ మూరెడు నాది!"

అందరూ అతని వైపు తిరిగారు. వరహాలుకి సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కానీ ఒకసారి నోరు విప్పాక లోపలిదంతా తోసుకొచ్చేసింది. ఆ తోసుకొచ్చినదాంట్లో సిగ్గు ఎంతుందో సంబరమూ అంతే ఉంది.

"రండి, సూడండి!" ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తాడు, సందు కిందే, చెయ్యి పైకెత్తి చూపిస్తూ. "ఇదంతా ఆయమ్మ పోసినాది. తడుందేటి? ఇక్కడుందేటి? ఇక్కడ? ఎక్కడా నేదు! ఇగో, ఇక్కణ్ణించి నాది. నాది మొదలైన కాణ్ణించే కారినాది! నాదొక్కటే కారినాది! వొద్దని సెప్పినా దూది కుక్కినాను. ఎండకి మేడ దాన్ని పిండి పారేసినాది!"

తన ఓటమిని ఇంత ఆనందంగా చాటుకున్న మనిషిని ఆ పేట అంతకుముందు చూడలేదు.

అనూరాధ నెమ్మదిగా దగ్గరికొచ్చింది. "డబ్బా గీకానన్నారు."

"అన్నాను."

"నా ముఖం చూసి అన్నారు బాబాయ్ గారూ."

వరహాలు తల దించుకున్నాడు. "అన్నానమ్మా. ఒక్క మూరెడు నాదుండాలని బుద్ధి పుట్టినాది."

ఆ పిల్లకి కోపమొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వానలో తడిసిన ముఖం కాబట్టి అవి ఎవరికీ కనపడలేదు, వరహాలుకి తప్ప. తర్వాత తల పైకెత్తి, పొడిగా ఉన్న ఆ సందు పొడుగునా ఒకసారి చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది. చూస్తూ చూస్తూ ఆ పిల్ల ముఖం విప్పారింది.

"గట్టిగా కుక్కారా?"

"మెల్లగా కుక్కడం నాకు రాదమ్మా."

అప్పుడు కదిలింది గంగాలమ్మ. గంపలన్నిట్లోకీ ఖరీదైన ఎండు వంజరం గంప రెండు చేతులతో పట్టుకుని, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా సందు కింద పెట్టింది. ధారకి జానెడు దూరంలో, ఇంజినీరమ్మ పని ఆఖరయ్యే చోట. దాని ముందు కొంగు దోపుకుని నిలబడి పైకి చూసింది. ఎంతసేపు చూసినా ఆ గంప మీద చుక్క పడలేదు.

"ఎల్లండర్రా," అంది ఆడవాళ్ళతో. "వాన జోరు తగ్గగానే టార్పాలిన్లు కప్పి పాకల్లోవన్నీ తెచ్చీండి." మూల నుంచి బకెట్టు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "మూరెడు నీదన్నావు కదా. పట్టుకో."

వరహాలు తన మూరెడు కింద గొంతుక్కూర్చుని బకెట్టు పట్టాడు. వాన కాస్త నెమ్మదించగానే గంపలు రావడం మొదలయ్యాయి. నెత్తి మీద గంపతో లోపలికొచ్చిన ప్రతి మనిషీ ఆ ధార చూసి గుమ్మంలోనే ఆగేది. ప్రతి మనిషికీ వరహాలు కూర్చున్నచోటు నుంచే చెయ్యి ఊపుతూ చెప్పాడు. "బయపడకండి, ఇది నాది! అదంతా ఆయమ్మది! రండి, రండి, లోపలికి తెండి!"

వాన సాయంత్రం దాకా పడింది. చేతులు నొప్పెట్టుంటాయి, నేను పట్టుకుంటానని ఎల్లాజీ ఎన్నిసార్లు అడిగినా వరహాలు బకెట్టు ఇవ్వలేదు.